ఊపిరిని వాసనచూచు యంత్రము

మనము లోనికి పీల్చు గాలియు వెలుపలికి విడుచు గాలియు నొకటి కాదు. లోనికి పోయిన గాలి ఊపిరితిత్తులలో రక్తమునకు మిక్కిలి దగ్గఱగా చేరి, దేహములో జరుగుచున్న పనుల వార్తలను గొన్నిటిని మోసికొని తిరిగి వచ్చుచున్నది. ఈ సంగతిని వైద్యులు పూర్వమునుండియు నెఱుగుదురు. గ్రీసుదేశపు ప్రాచీన వైద్యులు రోగి నోటి వాసనను పరీక్షలో నొక భాగముగా నెంచిరి. మధుమేహము మిక్కిలి ముదిరినవాని ఊపిరి మాగిన పండ్ల వాసన వేయును. అందులకు కారణము ఎసిటోను అను ద్రవ్యము. మూత్రపిండములు చెడినవాని ఊపిరియందు అమ్మోనియా వాసనయు, కాలేయము చెడినవాని ఊపిరియందు ఒకవిధమగు ముక్కిన వాసనయు తెలియును. కాని మనుష్యుని ముక్కునకు తెలియునంతటి వాసన పుట్టునప్పటికి వ్యాధి చాల దూరము నడచియుండును. ఇంకను ముందుగా, ముక్కునకు అందని దశయందే, ఆ వాసనను పట్టగల సాధన మేదైన నున్నదా యనునది ప్రశ్న.

ఈ ప్రశ్న వేడుకకు వేసినది కాదు. 2022వ సంవత్సరమున ప్రపంచమంతటను సుమారు 25 లక్షలమందికి ఊపిరితిత్తుల కేన్సరు క్రొత్తగా కనిపెట్టబడెననియు, సుమారు 18 లక్షలమంది దానిచేత మరణించిరనియు ప్రపంచ ఆరోగ్యసంస్థవారి లెక్కలు చెప్పుచున్నవి. ఆ వ్యాధి యింత ప్రాణాంతకమగుటకు ముఖ్యకారణము ఆలస్యముగా బయటపడుటయే. లోపల గడ్డ పెరుగుచున్నను చాలకాలము నొప్పి తెలియదు. దగ్గు వచ్చినను అది చలిగాలి దగ్గనియో, చుట్ట దగ్గనియో యెంచి యూరకుందుము. ముందుగా కనుగొన్నచో మేలు కలుగునని రుజువు కూడ నున్నది. అమెరికాలో పొగాకు విశేషముగా వాడిన 53,454 మందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టునకు స్వల్పమాత్రపు కిరణములతో సి.టి. పరీక్షయు, రెండవ జట్టునకు సాధారణమగు ఎక్సురే పరీక్షయు చేసిరి. 2011లో ఫలితములను ప్రకటించిరి. మొదటి జట్టులో ఊపిరితిత్తుల కేన్సరు మరణములు నూటికి 20 వంతున తగ్గినవి. అయితే ఆ సి.టి. పరీక్షలో "అనుమానము" అని తేలిన ఫలితములలో నూటికి 96 తుదకు కేన్సరు కానివే. ఎంతమంది నిష్కారణముగా భయపడిరో చదువరులే యూహింపవచ్చును. ఇంతకంటె సులభమై, చౌకయై, సూదిపోటు లేక, ఒక్కసారి గొట్టములోనికి ఊదినంతమాత్రమున జరుగు పరీక్ష కావలెనని వైద్యులు కోరుటలో వింత లేదు.

ఇక ఊపిరిలో నేమున్నదో చూతము. పెద్దవాడు నెమ్మదిగా పీల్చి విడుచు ఒక్కొక్క ఊపిరి సుమారు 500 మిల్లీలీటరులుండును. అందులో సుమారు 150 మిల్లీలీటరులు ముక్కు, గొంతు, శ్వాసనాళములలోనే నిలిచి, రక్తమును చేరకయే తిరిగి వచ్చును. కనుక పరీక్షకు పనికివచ్చునది ఊపిరి తుదిభాగము; అనగా తిత్తుల యడుగునుండి వచ్చు గాలి. విడిచిన ఊపిరి మొత్తమున నత్రజని యధికము, ప్రాణవాయువు నూటికి 16 పాళ్లు, బొగ్గుపులుసు వాయువు 4 పాళ్లు, తక్కినది నీటి ఆవిరి మొదలగునవి. ఊపిరి పీల్చుట నెమ్మదిగా మండుట వంటిదే యని 18వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు లవోయిజ్యే నిరూపించినది ఈ వాయువులను కొలిచియే.

ఆ లెక్కలో చేరని స్వల్పద్రవ్యములలోనే మన కథ యంతయు నున్నది. 1971లో లైనస్ పౌలింగు అను అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు, ఊపిరిని చల్లని గొట్టములో పట్టి, వాయువులను విడదీయు యంత్రమునకు పంపి, అందు సుమారు 250 వేఱువేఱు ద్రవ్యములున్నట్లు కనుగొనెను. అంతకుముందు ఊపిరి యింత చిక్కని మిశ్రమమని యెవరును తలంపలేదు. ఈ ద్రవ్యములలో ననేకములు నూఱుకోట్ల పాళ్లలో ఒకటి రెండు పాళ్లకు మించి యుండవు. ఈ కొలత మనస్సునకు పట్టుట కష్టము. నూఱుకోట్ల సెకండ్లు గడచుటకు దాదాపు 32 సంవత్సరములు పట్టును. ఆ 32 సంవత్సరములలో ఒక్క సెకండును వెదకి పట్టుకొనుట యెట్టిదో ఈ పని యట్టిది.

కేన్సరు కణము సామాన్య కణమువలె బ్రదుకదు. అది త్వరత్వరగా విభజించుకొనును. చక్కెరను వేఱువిధముగా ఖర్చుచేయును. ఈ రెండవ సంగతిని జర్మనీ దేశపు ఆటో వార్బర్గు 1920 ప్రాంతములందే కనిపెట్టెను. కణముల పొరలలోని క్రొవ్వు చెడి చీలినప్పుడు పెంటేను వంటి తేలికయగు ద్రవ్యములు పుట్టి, రక్తములో కలసి, ఊపిరితిత్తులలో గాలిలోనికి జారును. అయితే చదువరు లిచ్చట నొక మాట గట్టిగా పట్టుకొనవలెను. కేన్సరునందు మాత్రమే యుండి ఆరోగ్యవంతునియందు బొత్తిగా లేని ద్రవ్యము ఊపిరిలో ఇంతవరకు నొక్కటియు దొరకలేదు. ఉన్న ద్రవ్యములే కొన్ని హెచ్చుచున్నవి, కొన్ని తగ్గుచున్నవి. కనుక ఒక దొంగను పట్టుటవంటిది కాదీ పని. పెద్ద సంతలో జనసమూహపు కదలికను చూచి, ఎచ్చటనో కలహము పుట్టినదని గ్రహించుటవంటిది.

ఇట్టి గ్రహింపు సాధ్యమేనని మొదట నమ్మకము కలిగించినది యంత్రము గాదు, కుక్క. 1989లో ఇంగ్లండు దేశపు చర్మవైద్యు లిద్దరు "లాన్సెట్" అను వైద్యపత్రికకు చిన్న లేఖ వ్రాసిరి. ఒక స్త్రీ కాలిమీద పుట్టుమచ్చ యొకటి యుండెను. ఆమె పెంపుడుకుక్క తక్కిన మచ్చల జోలికి పోక, ఆ యొక్కదానినే మాటిమాటికి వాసన చూచుచుండెను. పొడుగు లాగు తొడిగికొన్నను గుడ్డమీదుగానే చూచెడిది. ఒకనాడు ఆమె పొట్టి లాగు ధరించియుండగా దానిని కఱచి తీయ యత్నించెను. అంతట ఆమె వైద్యునొద్దకు పోగా, అది మెలనోమా యను చర్మపు కేన్సరని తేలెను. ముందుగా తెలిసినందున దానిని కోసి తొలగించిరి.

ఒక్క కుక్క కథను శాస్త్రమందుమా? అనరాదు. 2004లో ఇంగ్లండునందే ఆఱు కుక్కలకు శిక్షణ యిచ్చి, మూత్రాశయపు కేన్సరుగల రోగి మూత్రము నొకదానిని, కేన్సరు లేనివారి మూత్రములు ఆఱింటిని వరుసగా నుంచి, రోగిదానిని గుర్తింపుమనిరి. ఊరక ఊహించిన యెడల ఏడింటికొకటి, అనగా నూటికి 14 చొప్పున సరిపోవలెను. కుక్కలు 54 మాఱులలో 22 మాఱులు సరిగా గుర్తించినవి. అనగా నూటికి 41. ఇది గొప్ప మార్కు కాదు. పాఠశాలలోనైనను అతికష్టముమీద గట్టెక్కు మార్కు. కాని ఊహకు మూడింతలు. శిక్షణ సమయమున జరిగిన వింత మఱియొకటి కలదు. పరీక్షలచే కేన్సరు లేదని తేలిన యొకని మూత్రమును కుక్క లన్నియు పట్టువదలక "ఇదియే" యని చూపినవి. వైద్యులు సందేహించి మరల శోధింపగా, ఆ మనుష్యుని మూత్రపిండమున కేన్సరు కనబడెను. గురువు తప్పనిన యుత్తరమే యొప్పైన సందర్భ మది. అయినను కుక్క యలసిపోవును, ఆకలిగొనును, ఒక్కొక్కదాని కొక్కొక్క స్వభావ ముండును. దానిని ప్రతి వైద్యశాలయందును కట్టియుంచలేము. కావున దాని ముక్కుపనిని యంత్రముచేత చేయింపగలమా యని శాస్త్రజ్ఞులు చూచిరి.

అందుకు ముక్కు పనిచేయు తీరు తెలియవలెను. 1991లో లిండా బక్కు, రిచర్డు ఆక్సెలు అను అమెరికా శాస్త్రజ్ఞులు వాసనను పట్టు గ్రాహకముల జన్యువులను కనుగొనిరి. 2004లో వారికి నోబెలు బహుమానము లభించినది. మనుష్యుని ముక్కున సుమారు 400 విధములగు గ్రాహకములు పనిచేయుచున్నవి. మన మెఱిగిన వాసనలు వేనవేలు. మఱి 400 గ్రాహకము లెట్లు చాలును? మన వర్ణమాలలో 56 అక్షరములే యుండగా భాషలోని పదములన్నియు వానితోనే యేర్పడుచున్నవి గదా! ఒక్కొక్క వాసనకు కొన్ని గ్రాహకములు గట్టిగను, కొన్ని మెల్లగను పలుకును. కొన్ని మౌనముగా నుండును. ఆ పలుకుల కూర్పును మెదడు ఒక పదమువలె చదివి "ఇది మల్లెపువ్వు", "ఇది మాడిన అన్నము" అనుచున్నది.

గ్రాహకముల జన్యువులు తెలియుటకు ముందే, 1982లో, ఇంగ్లండునందలి వార్విక్ విశ్వవిద్యాలయమున కృష్ణ పెర్సాడు, జార్జి డాడు అనువారు ఈ సూత్రమునే యనుసరించి మూడు గ్రాహకములతో కృత్రిమనాసికను నిర్మించి, "నేచర్" పత్రికలో ప్రకటించిరి. ఏ గ్రాహకమును ఒక్క వాసనకే కట్టుబడియుండనక్కఱలేదనియు, అన్నిటి పలుకులను కలిపి చదివిన చాలుననియు వారు చూపిరి. ఇదియే నేడు ఎలక్ట్రానిక్ నోస్ అని వ్యవహరింపబడుచున్నది. నేను దీనిని యంత్రనాసిక యందును.

ఆ గ్రాహకములు పనిచేయు విధము పైతరగతుల విద్యార్థులకు సులభముగా బోధపడును. తగరపు ఆక్సైడును పలుచని పూతగా పూసి, మూడు నాలుగు వందల డిగ్రీల వేడిమియం దుంచిన యెడల, గాలిలోని ప్రాణవాయువు దానిపైకి చేరి అందలి ఎలక్ట్రానులను పట్టుకొనును. ఇరుకు వీథిలో బండ్లు అడ్డముగా నిలిపినట్లు విద్యుత్తు కష్టముతో ప్రవహించును. సారాయి ఆవిరి వంటిది తగిలినప్పుడు అది యా ప్రాణవాయువుతో కలసి మండును. పట్టుబడిన ఎలక్ట్రానులు విడుదలయగును. విద్యుత్తు సులభముగా పాఱును. జపాను దేశీయుడగు తగుచి 1962లో కనుగొన్న ఈ యుపాయము వంటగ్యాసు కాఱుటను తెలుపు గంటలయందు నేటికిని వాడబడుచున్నది. వేఱొక జాతి గ్రాహకము క్వార్ట్జు స్ఫటికము. అది విద్యుత్తుచేత నిర్ణీతవేగముతో కంపించును. దానిపై పూసిన పదార్థము కొన్ని అణువులను పట్టినప్పుడు బరువు పెరిగి కంపనవేగము తగ్గును. బంగారపు సూక్ష్మకణములపై రసాయనపు పొర వేసి చేయునవి మఱొక జాతి. ఆవిరి సోకగా పొర యుబ్బి, కణముల నడిమి దూరము పెరిగి, విద్యుత్తు మందగించును.

యంత్రము సిద్ధమైనను దానికేమియు తెలియదు. పసిబిడ్డకు వలె దానికి నేర్పవలెను. రోగుల ఊపిరులను కొన్నిటిని చూపి "ఇవి కేన్సరువి" యనియు, ఆరోగ్యవంతుల ఊపిరులను చూపి "ఇవి కావు" అనియు చెప్పుదురు. గణకయంత్రము ఈ రెండు గుంపులకును గల భేదమును తనంతట గ్రహించి, క్రొత్త ఊపిరి వచ్చినప్పుడు ఏ గుంపునకు చేరునో చెప్పును. 2003లో రోమునగరపు శాస్త్రజ్ఞులు క్వార్ట్జు గ్రాహకములతో 60 మందిని పరీక్షించిరి. ఊపిరితిత్తుల కేన్సరువారిని యంత్రము చక్కగా వేఱుచేసెను. ఇజ్రాయేలు దేశపు టెక్నియన్ విద్యాలయమున హొస్సాం హాయిక్ అను నాచార్యుడు బంగారపు కణముల గ్రాహకములతో 2009లో నిట్టి ఫలితమునే ప్రకటించెను. 2017లో ఆయన బృందము ఐదు దేశములనుండి 1404 మంది ఊపిరులను తెప్పించి, 17 వ్యాధులను నూటికి 86 పాళ్లు సరిగా వేఱుపఱచితిమని తెలిపెను.

వార్తాపత్రికలు సాధారణముగా నిచ్చటనే యాగి జయఘోష చేయును. ఉపాధ్యాయునకు మాత్ర మిచ్చటనే సందేహము మొదలగును. బట్టీపట్టిన బాలుడు పుస్తకములోని లెక్కలన్నిటికిని జవాబులు చెప్పును. అంకెలు మార్చి యడిగినచో తెల్లబోవును. యంత్రము కూడ నట్టిదే. నేర్పిన ఊపిరులనే మరల చూపి నూటికి నూఱు వచ్చెననుట పరీక్ష కాదు. దానికెన్నడును చూపని క్రొత్తవారిని తేవలెను. అంతకంటె పెద్ద చిక్కొకటి కలదు. యంత్రము నేర్చినది మనము నేర్పదలచినదేనా?

ఆదికాండము 27వ అధ్యాయమున చూపు మందగించిన ఇస్సాకు, తన యెదుటికి వచ్చిన కుమారుని స్వరము విని సందేహించెను. కాని వస్త్రముల వాసన చూచి ఏశావేయని నమ్మి దీవించెను. వచ్చినవాడు యాకోబు. ముసలివాని ముక్కు పొరపడలేదు. వస్త్రము నిజముగా ఏశావుదే. లోపలి మనుష్యుడు మాత్రము వేఱు. యంత్రనాసికకు గల ప్రమాద మిదియే. ఊపిరితిత్తుల కేన్సరు రోగులలో పొగత్రాగువా రధికము. పొగాకు ఊపిరిలో బెంజీను మొదలగు ద్రవ్యములను విడుచును. ఆరోగ్యవంతుల గుంపున పొగత్రాగనివారినే చేర్చినచో యంత్రము కేన్సరును గాక పొగాకును నేర్చుకొనును. రోగులు వైద్యశాలలో ఊది, ఆరోగ్యవంతులు కళాశాలలో ఊదినచో, అది వైద్యశాలలోని స్పిరిటు వాసనను నేర్చును. రోగులు ముసలివారును తక్కినవారు పడుచువారును అయినచో వయస్సును నేర్చును. ఉదయము తిన్న వెల్లుల్లి, వేసికొన్న మందు, ఆ దినపు గాలిలోని తేమ – ఇవియన్నియు యాకోబు తొడిగిన వస్త్రములే. మన శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరప్రాంతములలో నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని చుట్టత్రాగు అడ్డపొగ యలవాటును, దానివలన అంగిటియందు పుట్టు కేన్సరును వైద్యులు చిరకాలముగా నెఱుగుదురు. కోస్తా ఆంధ్రమునందలి ఈ వ్యాధిని గుఱించి 1957లోనే వైద్యవ్యాసము వెలువడినది. రోమునగరములో నేర్చిన యంత్రమును అడ్డపొగ త్రాగు అవ్వ నోటియొద్ద నుంచిన నేమి చెప్పును? ఆమెవంటివారిలో రోగులను, రోగులు కానివారిని, ఇరువురిని చూపి మరల నేర్పకయే దాని మాటను నమ్మరాదు.

క్రొత్తవారిపై నిజముగా పరీక్షించిన యొక ఫలితమును తీసికొని లెక్క వేసిచూతము. 2005లో అమెరికాలోని క్లీవ్‌లాండునందు, యంత్రమునకు ముందుగా నేర్పి, తరువాత వేఱుగా 76 మందిని దానియెదుట నుంచిరి. వారిలో 14 మందికి ఊపిరితిత్తుల కేన్సరు కలదు; 62 మందికి లేదు. యంత్రము రోగులలో 10 మందిని పట్టెను; నలుగురిని విడిచెను. వ్యాధి లేనివారిలో 57 మందిని సరిగా చెప్పి, ఐదుగురిని రోగులనెను. యంత్రము "రోగి" యన్న 15 మందిలో 10 మంది నిజమైన రోగులు. మూడింట రెండు వంతులు. బాగుగనే యున్నది.

ఇప్పుడు ఇదే యంత్రమును 10,000 మంది యున్న పట్టణమునకు కొనిపోవుదము. అచ్చట 50 మందికి ఆ కేన్సరున్నదని యనుకొందము. యంత్రము పై నిష్పత్తినే పాటించినచో 50 మందిలో 36 మందిని పట్టును; 14 మందిని నిశ్చింతగా ఇంటికి పంపును. తక్కిన 9,950 మందిలో 62 కైదుగురు చొప్పున 802 మందిని రోగులనును. మొత్తము 838 మంది గుండె పట్టుకొని వైద్యశాలకు పరుగెత్తగా, వారిలో రోగులు 36 మంది. అనగా 23 మందిలో నొక్కడు. యంత్రము మాఱలేదు, దాని నేర్పు తగ్గలేదు. దానియెదుట నిలిచినవారు మాఱిరి. ఈ త్రైరాశికమును పైతరగతి విద్యార్థులు పలకమీద స్వయముగా వేసి చూచుకొనవలెనని నా కోరిక. 50 మందికి బదులు 500 మంది రోగులున్నచో నేమగునో కూడ వేయుడు.

ఈ కారణములచేతనే, వార్విక్ పరిశోధన జరిగి నలువది యేండ్లు దాటినను, వైద్యులు కేన్సరును కనుగొనుటకు యంత్రనాసికను సామాన్య పరీక్షగా స్వీకరింపలేదు. పరిశోధనశాలలలో పని సాగుచున్నది. గ్రాహకములు కాలము గడచినకొలది సొలసి, నిన్నటి వాసననే నేడు వేఱుగా చెప్పుట యొక బాధ. రెండు యంత్రములు ఒక్కతీరుగా పలుకకుండుట మఱొకటి. దీనిని నిష్ప్రయోజనమనుట న్యాయము గాదు. పొగాకు వాడినవారిలో నెవరిని ముందుగా సి.టి. పరీక్షకు పంపవలెనో యేర్పఱచుటకు ఇది సాయపడవచ్చును. కాని ఊదినంతనే కేన్సరును చెప్పుదుమని యెవరైన మన యూరికి పెట్టె పట్టుకొని వచ్చి రుసుము కోరినచో, తల్లిదండ్రులు పై లెక్కను వారి యెదుట నుంచి జవాబడుగవలెను. మూడు వారములు దాటిన దగ్గు, కఫమున రక్తము, మానని నోటిపుండు గలవారు ఏ పెట్టెకొఱకును వేచియుండక వైద్యునొద్దకే పోవలెను.

ఊపిరి పరీక్షలలో కేన్సరునకు సంబంధించి నేటికే స్థిరపడిన దొకటి మాత్రము కలదు. జీర్ణాశయమున హెలికోబాక్టరు అను సూక్ష్మజీవి చేరి పుండును కలిగించునని ఆస్ట్రేలియా వైద్యులు మార్షలు, వారెను కనుగొని 2005లో నోబెలు బహుమానము పొందిరి. అదే జీవి జీర్ణాశయపు కేన్సరునకు నొక కారణమని 1994లోనే అంతర్జాతీయ కేన్సరు పరిశోధనసంస్థ నిర్ణయించినది. రోగికి, గుఱుతుపట్టదగిన బరువైన కర్బనము చేర్చిన యూరియాను నీటిలో కలిపి త్రాగింతురు. ఆ సూక్ష్మజీవి యున్నచో యూరియాను చీల్చును. అఱగంట లోపల ఆ కర్బనమే బొగ్గుపులుసు వాయువై ఊపిరిలో వెలువడును. జీవి లేనిచో వెలువడదు. ఇచ్చట పరీక్షకుడు వేనవేల వాసనలలో తడవులాడుట లేదు. తానే యొక ప్రశ్నను దేహములోనికి పంపి, దాని యుత్తరముకొఱకు మాత్రమే ఊపిరియొద్ద కాచియున్నాడు. కేన్సరు కణములు మాత్రమే చీల్చదగిన ద్రవ్యమును అట్లే లోనికి పంపి, ఊపిరిలో దాని తునుకను వెదకు పని యిప్పుడు కొన్ని పరిశోధనశాలలలో జరుగుచున్నది.